కింద సగం

“ఏయ్, ఆగండి! ఎవర్నడిగి తీశారు ఫోటో?”

ఆసుపత్రి గేటు ముందు సన్నగా వాన పడుతోంది. చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన, వెనకాల గొడుగు పట్టుకుని ఆయన కూతురు. ఆయనేదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు, ఎదురుగా ఉన్న కుర్రాడు ఠక్కున కెమెరా నొక్కేశాడు. ఆ అమ్మాయి నవ్వు కాస్తా నిప్పైపోయింది.

కుర్రాడు ఫోటోగ్రఫీ కోర్సు చదువుతున్నాడు. స్నేహితులు వాణ్ణి క్లిక్కు అంటారు. ముక్కూ మొహం తెలియని వాళ్లని వీధిలో వాళ్లకి తెలియకుండా తీయడమే వాడి ప్రాజెక్టు. తీశాక వెళ్లి చెప్పాలి, వద్దంటే వాళ్ల కళ్ల ముందే చెరిపేయాలి. అది క్లాసు నియమం. మిగతావాళ్లు దాన్ని గాలికొదిలేశారు కానీ మనవాడు మహా నిష్ఠాపరుడు.

“చెప్పడానికే వస్తున్నానండీ. భలే వచ్చింది, ఒక్కసారి చూడండి.”

“చూడను. నాన్న జుట్టంతా రాలిపోయి, చిక్కి శల్యమయ్యాడు. ఇప్పుడా ఫోటోలు? ముందు తీసేయండి!”

“ఉండనీయవే అమ్మడూ,” అన్నాడు పెద్దాయన. “నా పెళ్లి ఫోటోల్లో కూడా కళ్లు మూసుకునే ఉన్నాను. ఇన్నాళ్లకి ఒకడు నేను నవ్వుతుండగా పట్టుకున్నాడు.”

“నువ్వూరుకో నాన్నా. జుట్టొచ్చాక స్టూడియోకి తీసుకెళ్తాగా.”

“అయితే మంచి దువ్వెన కొనిపెట్టు.”

క్లిక్కు ఆమెకి కనిపించేలా కెమెరా పట్టుకుని ఫోటో చెరిపేశాడు. మనసు చివుక్కుమంది. అయినా నియమం నియమమే.

ఆ తర్వాత వాడి కాళ్లు ఎటు బయల్దేరినా ఆ గేటు దగ్గరే తేలేవి. ఆమె మాత్రం తక్కువా?

“ఏం కెమెరా గారూ, ఇవాళ ఎవరి కొంప ముంచారు?”

“మీలా తిట్టేవాళ్లు దొరకట్లేదండీ. బోరు కొడుతోంది.”

“బాబూ, మా అమ్మడు తిట్టిందంటే మనసులో పెట్టుకున్నట్టే,” అనేవాడు పెద్దాయన. “నన్ను రోజంతా తిడుతుంది.”

ఆమె మొహం ఎర్రబడేది. ఈసారి వానొస్తే తన మనసులో మాట చెప్పేయాలనుకున్నాడు క్లిక్కు. వానొచ్చింది. వాళ్లు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే వాడి కాలేజీ ఫోటో ల్యాబు వెతుక్కుంటూ వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“నాన్న పోయాడండీ.”

వాడు లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

“ఆ ఫోటో కావాలి. మీరు ఎక్కడో దాచుకునే ఉంటారు కదా? అందరూ దాచుకుంటారు. నేనేమీ అనను, ఒట్టు.”

“లేదండీ. నిజంగానే చెరిపేశాను.”

తన నిజాయితీ మీద తనకే రోత పుట్టింది వాడికి.

“అన్నాళ్లూ కసురుతూనే ఉన్నానండీ. మందు మింగు, టోపీ తీయకు, తడవకు... ఆఖరి రోజు కూడా పాలు తాగలేదని అరిచాను. కళ్లు మూసుకుంటే నా అరుపులే వినిపిస్తున్నాయి. నవ్విన మొహం ఒక్కసారి చూస్తేనన్నా...”

ల్యాబులో పనిచేసే, కుర్రాళ్లంతా అన్నయ్య అని పిలిచే అతను వాడి కెమెరాలోని మెమరీ కార్డు తీసుకున్నాడు. చెరిపిన ఫోటో వెంటనే పోదు, కొత్తవి వచ్చి దాని చోటు ఆక్రమించే దాకా కార్డులోనే ఉంటుంది. కానీ క్లిక్కు అదే కార్డులో వానలన్నీ, గొడుగులన్నీ తీస్తూ పోయాడు. ముగ్గురూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. చాలాసేపటికి తెర మీద బొమ్మ పైనుంచి మెల్లగా దిగింది. గొడుగు వచ్చింది. వాన వచ్చింది. ఆమె మొహం వచ్చింది. అక్కడితో సరి, ఆ కిందంతా బూడిదరంగు.

“తర్వాత తీసినవి దీని మీద పడ్డాయిరా,” అన్నాడు అన్నయ్య. “ఇంక రాదు.”

ఆమె ఆ బూడిదరంగులో తండ్రి కోసం వెతికింది. దొరకలేదు. చివరికి చూపు పైకెత్తి తన మొహం దగ్గర ఆగిపోయింది. తెర మీది అమ్మాయి గొడుగు కింద వంగి, చంటిబిడ్డని చూసుకునే తల్లిలా కిందికి చూస్తూ నవ్వుతోంది.

“ఇది నేనేనా? నాన్నని ఇలా చూశానా?”

“మీరెప్పుడూ అలాగే చూసేవారండీ, తిట్టేటప్పుడు కూడా. ఆయనకి కనిపించిన మొహం ఇదే. ఆ చూపు చూసే కెమెరా ఎత్తాను. ఆ చూపు చూసే మీ మీద మనసు పారేసుకున్నాను.”

ఆమె భోరుమంది. ఏడుస్తూనే, “ఇదా చెప్పే సమయం?” అంది.

“కాదండీ. కానీ దాచుకోవడం నాకు చేతకాదు.”

ఆమె వాడి చొక్కా చెయ్యి పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. “ఆ బూడిదంతా కత్తిరించేసి, నీ మొహం వరకు ప్రింటు తీసిస్తానమ్మా.”

“వద్దన్నయ్యా, మొత్తం తీయండి,” అంది ఆమె. “కింద నాన్న ఉన్నాడు.”