తలకిందులుగా నిలిచిన స్తంభం

ఆ కొట్టంలో ఒక రాత్రి పూర్తిగా గడిపినవారు లేరని ఆ ఊరివాళ్లే చెబుతారు. గొప్పగా చెప్పరు. గొంతు తగ్గించి, వీధి చివర వైపు చూడకుండా చెబుతారు.

అడిలైడ్‌కు గంట దూరంలో, కొండల మధ్య ఉన్న పాత జర్మన్ ఊరది. పేరు రాయను, రాస్తే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. నల్లటి దుంగల చట్రం, ఆ దుంగల మధ్య తెల్లటి సున్నం గోడలు, ఏటవాలు కప్పులు, సన్నని శిఖరంతో చర్చి. పగటిపూట చూసిపోయేవారికి ముచ్చటగానే ఉంటుంది. నూట డెబ్బై ఏళ్ల కిందట ఓడల మీద వచ్చినవాళ్లు, తాము వదిలివచ్చిన ఊరినే ఇక్కడి రెడ్ గమ్ చెట్లు నరికి మళ్లీ నిలబెట్టుకున్నారు. చెట్లు అందుకు ఒప్పుకున్నాయా అని ఎవరూ అడిగి ఉండరు. ఈ సంగతి వినేదాకా నాకూ ఆ ప్రశ్న తోచలేదు.

వీధి చివర ఉన్న ధాన్యపు కొట్టం అన్నిటికన్నా పాతది. లోపల రెండు వరసల్లో ఎనిమిది స్తంభాలు. చీకటి పడితే వాటిలో ఏదో ఒకటి మూలుగుతుందని ప్రతీతి. కాపలాకు పెట్టిన మనిషి ఒకడు నడిరాత్రి తాళంచెవి గడప మీద వదిలి వెళ్లిపోయాడట. “అది నన్ను పొమ్మంటోంది” అని మాత్రం చెప్పాడట.

నాకిది చెప్పినవాడు ఫజల్. హైదరాబాదు మనిషి, ఎలక్ట్రీషియన్. ఇప్పుడు సిడ్నీలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా వెనకవీధిలో ఉంటాడు. కొత్త ఇళ్లలో తప్ప పని ఒప్పుకోడు. కారణం చెప్పడానికి అతనికి ఒక సాయంత్రమంతా పట్టింది.

కిందటేడు ఆ కొట్టం మరమ్మతు రామానుజం చేతికి వచ్చింది. ఆయన తెనాలి దగ్గర వడ్రంగుల ఇంట పుట్టాడు. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో పాత కట్టడాల కలపపని చేస్తున్నాడు. వైరింగ్ ఫజల్‌ది. మూడోవారంలో పైనుంచి ఒక అడ్డకర్ర ఊడిపడి, రంగులు వేసే మనిషి భుజం విరిగింది.

ఊరి కమిటీకి పెద్ద హెల్గా అనే ముసలావిడ. ఆమె రామానుజాన్ని అందరి ముందూ నిలబెట్టి, ఇంగ్లీషులో, తాపీగా అంది:

“ఇన్నేళ్లూ అక్కడ ఏదీ పడలేదు. నువ్వు వచ్చావు. పడింది.”

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి కమిటీ వచ్చి చూస్తుంది. తప్పు ఆయనదని రాస్తే లైసెన్స్ పోతుంది. ఆయన ముట్టిన కలపను ఇక ఎవరూ నమ్మరు.

ఆ రాత్రే పదింటికి ఇద్దరూ వెళ్లి కొట్టం తాళం తీశారు.

“అన్నా, నేను వైర్లు చూడనీకి వస్త అన్న,” గొణిగాడు ఫజల్. “దయ్యాల్ని చూడనీకి అనలే.”

“లైటు పట్టుకో. దయ్యం సంగతి నేను చూసుకుంటా.”

లోపల చలి. బయటి చలి కాదది, ఎవరో తలుపు మూసి దాచిపెట్టుకున్న చలి. రామానుజం ఒక్కో స్తంభాన్నీ అరచేత్తో తడుముతూ నడిచాడు. ఎడమవైపు మూడోదాని దగ్గర ఆగాడు. పడిన కర్ర దానికి బిగించినదే.

లైటు దగ్గరకు లాగి, కలపలోని ఒక ముడి మీద వేలు పెట్టాడు.

“ఫజలూ, ఈ ముడి చూడు. కొమ్మ మొలిచిన చోటు. కొమ్మ పైకి పెరుగుతుంది కదా, ముడి కొస కూడా పైకే వాలాలి.”

“ఇది కిందికి చూస్తుంది.”

“స్తంభాన్ని తలకిందులుగా నిలబెట్టారు. చెట్టు మొదలు పైన ఉంది, చివర కింద ఉంది. సన్నటి కొస బరువు మోయలేక ఒరిగింది. ఆ ఒరుగుడికే కర్ర వదులైంది. నా చేతిలో తప్పు లేదు.”

చెట్టు ఎలా నిలిచిందో స్తంభమూ అలాగే నిలవాలి. కలప కోసేటప్పుడే మొదలు వైపు సుద్దతో గీత పెట్టడం రామానుజం తండ్రి ఆయనకు నేర్పిన మొదటి పని. మిగతా ఏడింటినీ చూశాడు. ఏడూ సరిగ్గా ఉన్నాయి. అంటే ఆ జర్మన్ వడ్రంగికీ ఈ నియమం తెలుసు. తెలిసీ, ఒక్కదాన్ని మాత్రం…

“తాగి పెట్టిండేమో,” అన్నాడు ఫజల్. “ఫొటోలు తీస్కో అన్నా. పొద్దున ఆమెకు చూపెట్టు. ఖతం. పోదాం పా.”

రామానుజం ఎనిమిదింటికీ ఫొటోలు తీశాడు. ముడులు స్పష్టంగా పడ్డాయి. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ తప్పుగా నిలిచిన స్తంభాన్ని కళ్లారా చూసి వదిలిపోవడం వాళ్లింట్లో లేదు.

“జాకీలు తీసుకురా.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. దీన్నిలా ఉంచి నేను ఇంటికి పోలేను.”

స్తంభానికి అటూ ఇటూ జాకీలు పెట్టి దూలాన్ని రెండు వేళ్ల ఎత్తు లేపారు. పైన దూలంలోనూ కింద దిమ్మలోనూ దిగేలా రెండు కొసలకూ చెక్కిన కుసి ఒకే కొలత. తిప్పి నిలపడానికి అడ్డేమీ లేదు. గొలుసు కట్టి లాగుతున్నప్పుడు కొట్టం మూలిగింది. ముసలి కలప మూలుగు ఫజల్‌కు తెలుసు. ఇది అది కాదు… పళ్లు బిగపట్టి వద్దనే మనిషి గొంతు. అతని పెదవులు వాటంతటవే ఖురాన్ ఆయత్ చదవసాగాయి. రామానుజం చేతులు ఆగలేదు.

మూడు గంటలకు స్తంభం సరిగ్గా నిలిచింది. జాకీలు దించారు.

నిశ్శబ్దం. ఆ ఊరు ఆ చోట ఎన్నడూ విననంత నిశ్శబ్దం.

“చూశావా,” గుసగుసగా అన్నాడు రామానుజం. “దానికి కావలసింది ఇంతే.”

తలుపుకు తాళం వేసి, తాళంచెవి రామానుజం జేబులో వేసుకొని, ఇద్దరూ తలుపు ఎదురుగా వ్యాన్‌లోనే కునుకు తీశారు.

తొమ్మిదింటికి హెల్గా, ఆమె వెనక మరో ఇద్దరు. రామానుజమే తలుపు తీశాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖం తేటగా ఉందని ఫజల్ అన్నాడు. మూడో స్తంభం చూపించి, ముడుల సంగతి వివరించి, తప్పు ఏనాటిదో, రాత్రి దాన్నెలా తిప్పి నిలిపాడో చెప్పి, ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె మూడోదాని ఫొటో చూసింది. తల ఊపింది. తర్వాతి ఫొటోకు జరిపి పక్క స్తంభం దగ్గరకు నడిచింది.

అక్కడ ఆగింది. ఫోన్ వంక చూసింది. స్తంభం వంక చూసింది. ఇంకోదాని దగ్గరకు వెళ్లింది. ఆపైన మరోదాని దగ్గరకు… ఏడూ తిరిగింది.

“నీ ఫొటోలో ఈ ముడులు పైకి ఉన్నాయి,” అంది మెల్లగా.

రామానుజం దగ్గరకు వెళ్లాడు.

ఏడు స్తంభాలు. ఏడింటి ముడులూ నేల వైపు చూస్తున్నాయి. వాటి పాదాల చుట్టూ పేరుకున్న పాత దుమ్ము ఇసుమంతైనా చెదరలేదు.

“తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?” అడిగింది హెల్గా.

“నా దగ్గరే.”

“రాత్రి ఇంకెవరైనా వచ్చారా?”

“లేదు.”

“అయితే మా కొట్టాన్ని ఏం చేశావు?”

ఆయన జవాబు కోసం నోరు తెరిచాడు. ఆయనకంటే ముందు కొట్టం మూలిగింది. పట్టపగలు, ఏడు గొంతులతో.

ఇన్నేళ్లూ ఆ ఏడింటి బదులూ తలకిందులుగా నిలిచి మూలిగినది, ఆయన సరిచేసిన ఆ ఒక్కటి మాత్రం మాట్లాడలేదు.