అర అంగుళం బిగువు

డ్రైవింగ్ స్కూలు మాస్టారు రెండు వారాలకోసారి ప్యాంటు పట్టుకొచ్చి నడుము తగ్గించమంటుంటే టైలరమ్మాయికి మొదట్లో సరదాగానే ఉండేది. టేపు చుట్టినప్పుడల్లా ఆయన ఊపిరి బిగబట్టడం చూసి నవ్వు ఆపుకునేది.

ఆయనకి షుగర్. బరువు తగ్గితే అదీ దారికొస్తుందని డాక్టరు చెప్పాడట. పన్నెండు వారాలపాటు పొద్దున, మధ్యాహ్నం తిండి బదులు డైటీషియన్ ఇచ్చిన పొడి కలుపుకుని తాగాలి. రాత్రి మాత్రం భోజనం చేయాలి. మాత్రలు కూడా దానికి తగ్గట్టే మార్చారు.

చిక్కల్లా ఆ డైటీషియన్‌తోనే. మేడమ్ ఇలా అన్నారు, మేడమ్ అలా నవ్వారు, మేడమ్ శభాష్ అన్నారు. వినీ వినీ టైలరమ్మాయికి ఒళ్లు మండిపోయింది. ఎవరి కోసం సన్నబడుతున్నాడో తెలుస్తూనే ఉందిగా అని పళ్లు నూరింది. ఆ ఉక్రోషంలోనే ఓ ప్యాంటు అర అంగుళం ఎక్కువ బిగించి కుట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మాస్టారు నీరసంగా వచ్చాడు. ప్యాంటు పట్టడం లేదట. మళ్లీ లావెక్కానని బెంగపడి, రెండు రోజులుగా రాత్రి భోజనం కూడా మానేశాడట. చెబుతూనే చెమటలు పట్టి, చేతులు వణికి, స్టూలు మీద కూలబడ్డాడు.

ఆమె గబగబా చక్కెర నీళ్లు కలిపి తాగించింది. ఆయన జేబులో ఉన్న క్లినిక్ కార్డు చూసి ఫోన్ చేస్తే, ఎత్తింది ఆ డైటీషియనే. పావుగంట ఆగి ఆయన దగ్గరుండే మీటరుతో షుగర్ చూడమని, తేరుకున్నాక ఏదైనా తినిపించి వెంటనే తీసుకురమ్మని చెప్పి, ఇంతకీ మీరెవరని అడిగింది.

"టైలర్‌ని."

"మీరేనా! పన్నెండు వారాలయ్యాక ఒకేసారి కుట్టించుకోమని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినడు. ఇక్కడ కూర్చుంటే మీ కబుర్లే."

టైలరమ్మాయికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన తేరుకున్నాక తన టిఫిన్ బాక్సు ముందు పెట్టి, నిజం చెప్పేసింది.

"మీరేం లావెక్కలేదు. ఆ ప్యాంటు నేనే కావాలని బిగించాను."

"ఎందుకు?"

"ఆవిడ పేరు వినలేక. తప్పు చేశాను, క్షమించండి."

కోప్పడతాడనుకుంది. ఆయన ముద్ద కలుపుతూ తలెత్తకుండా అన్నాడు. "మీ గురించి మీతోనే మాట్లాడే ధైర్యం లేక ఆవిడ ఊసెత్తేవాణ్ణి."

ఆమె షాపు మూసి, ఆయన చెయ్యి పట్టుకుని క్లినిక్‌కి బయల్దేరింది. డైటీషియన్ ఎంత అందంగా ఉంటుందో చూడాలని, దాచడమెందుకు, కాస్త ఉంది కూడా.