అక్క పేరు మీద కార్డు

చేతిలో కాఫీ జగ్గు పొగలు కక్కుతోంది. ఎదురుగా వంటింటి బల్ల మీద అక్క బొమ్మ! ఒక్కసారి చెయ్యి వంచితే చాలు... ఎగిరిపోతున్న ఆ ఎర్రటోపీ, ఆ మెరిసే కళ్లు, ఆ తెరిచిన నోరు, అన్నీ కలిసి ముద్దయిపోతాయి. మార్లిస్ జగ్గుతో ఇంకో అడుగు ముందుకేసింది.

"బాబోయ్, జాగ్రత్త! రంగు ఇంకా ఆరలేదు!" అంటూ ఎల్డన్ పరుగెత్తుకొచ్చాడు. పెళ్లాం చెయ్యి కాలుతుందని కాదమ్మా... బొమ్మ తడుస్తుందని!

"నా వంటింట్లో నాకే జాగ్రత్తలా?" అంది మార్లిస్. "అన్నం తినే బల్ల ఇది. నెలరోజులుగా ఒళ్లో కంచం పెట్టుకుని తింటున్నాను. గుర్తుందా?"

"ఆదివారం దాకా ఓపిక పట్టు. మీ అక్క కార్డు ఒక్కటే కదా మిగిలింది. చూడు ఎంత కళగా ఉందో!"

కళగా ఉందట! ఆ మాటకి ఆమె కడుపులో కుంపటి రాజుకుంది.

ఎల్డన్ మంచివాడే. కాదని ఎవరంటారు? ఊళ్లో ఊరగాయ సీసాల లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సులో జీవితమంతా పనిచేసి, రిటైరయ్యాక ఈ పిచ్చిలో పడ్డాడు. చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులు వచ్చేవి. ముందువైపు రంగుల బొమ్మ, కింద పేరు, వెనకవైపు వాళ్ల వివరాలు. కానీ అందరికీ కార్డులు వెయ్యలేదు కంపెనీవాళ్లు. నాలుగు ఆటలాడి ఇంటికి పోయినవాళ్లు, నల్లవాళ్ల జట్లలో ఆడినవాళ్లు, ఆడపిల్లలు... వీళ్లనెవరు పట్టించుకున్నారు? అలా వదిలేసినవాళ్లకి ఎల్డన్ తన చేత్తో కార్డులు వేస్తాడు. అచ్చం ఆ కాలంలో అచ్చయినట్టే! అదే మందం అట్ట, అదే వెలిసిన ఎరుపు. ఎవరింటినుంచో పాత ఫొటో వస్తుంది. ఆయన కార్డు చేసి పంపిస్తాడు. అందుకున్న ముసలివాళ్లు ఫోన్ చేసి ఏడుస్తారు. ఇటు ఈయనా ఏడుస్తాడు.

ఈ ఆదివారం తమ ఊరు క్యాల్డర్ ఫాల్స్ లైబ్రరీలో, ఒకప్పటి ఊరి ఆడపిల్లల జట్టుకి సన్మానం పెట్టారు. జట్టులో బతికున్న ప్రతి ఒక్కరికీ ఎల్డన్ చేసిన కార్డు ఇస్తారు. అందులో మార్లిస్ అక్క డెలోరిస్ కూడా ఉంది. లెఫ్ట్ ఫీల్డ్‌లో, అంటే మైదానం ఎడమ చివర కంచె దగ్గర, ఆడేది. ఎడమచేతి వాటం. చక్కని మనిషి. ఎక్కడికెళ్లినా నలుగురూ ఆమె చుట్టూనే.

ఇంకొక ముల్లుంది. సైన్యం నుంచి తిరిగొచ్చిన కొత్తలో ఎల్డన్ ముందు డ్యాన్సుకి తీసుకెళ్లింది డెలోరిస్‌ని! ఒక ఎండాకాలమంతా ఇద్దరూ కలిసి తిరిగారు. ఆమె ఎవరినో చేసుకుని అరిజోనా వెళ్లిపోయాకే అతను చెల్లెలి గుమ్మం తొక్కాడు. 'అక్క తిని వదిలేసిన కంచం నాకిచ్చారు' అనుకుంటూనే మార్లిస్ కాపురం చేసింది, పిల్లల్ని పెంచింది, జుట్టు నెరిసింది. ఒక్కనాడూ పైకి అనలేదు...

అక్క ఒక కవరు నిండా ఫొటోలు పంపింది. నవ్వుతూ నిలబడ్డవీ, బ్యాటు భుజాన వేసుకున్నవీ, అన్నీ పక్కకి నెట్టేశాడు ఎల్డన్. ఒక్కదాన్ని పట్టుకుని, "ఇదీ ఫొటో అంటే! ప్రాణం ఉంది ఇందులో!" అన్నాడు. ఆ రోజునుంచి మార్లిస్ ఆ బల్లవైపు కన్నెత్తి చూడలేదు. ఎందుకు చూడాలి? ఇంకా మండడానికా?

కానీ ఈ వేళ జగ్గు పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి, దీపానికి క్లిప్పుతో వేలాడుతున్న ఆ ఫొటో కంటపడింది. కంచె పక్కన ఒక పిల్ల పరిగెడుతోంది. నోరు తెరిచి ఉంది. టోపీ ఎగిరిపోయింది. గ్లవ్ తొడుక్కున్న చెయ్యి గాల్లో చాచి ఉంది. రెండో చెయ్యి గుండెలకి అడ్డంగా పడి చొక్కా మీది అక్షరాలు కప్పేసింది.

మార్లిస్ బల్ల అంచు పట్టుకుంది. ఆ పిల్ల డెలోరిస్ కాదు... తనే!

ఆ ఫొటో తీసిన రోజు మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే అక్క ఎవరో సేల్స్‌మన్‌తో షికాగో చెక్కేసింది. తెలిస్తే జట్టులోంచి తీసేస్తారు. నాన్న తన దగ్గరకొచ్చి, "అక్క బట్టలు వేసుకో, మాట్లాడకు" అన్నాడు. అక్కాచెల్లెళ్లది ఒకే పోలిక, పైగా ఆడేవాళ్లు చాలక మేనేజరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. బంతి కంచె దాటబోతుంటే తను పరిగెత్తింది... పట్టింది! గ్రౌండంతా లేచి నిలబడింది. మర్నాడు పేపర్లో వేశారు, 'డెలోరిస్ అద్భుతమైన క్యాచ్' అని. నాన్న ఆ ముక్క కత్తిరించి గోడకి అంటించాడు. తను దాని కిందే కూర్చుని గిన్నెలు తోమింది.

ఇన్నేళ్లు కాపురం చేసిన మొగుడు, భూతద్దం పెట్టి నెలరోజులు చూసి, తనని గుర్తుపట్టలేదు! ప్రేమగా కళ్లు దిద్దాడు, పెదవులు దిద్దాడు... డెలోరిస్ అనుకుని! ఇప్పుడు ఎవరి మీద ఏడవాలి? తన మొహం మీద తనకే అసూయ పుట్టిన ఆడది ఈ లోకంలో ఉంటుందా! చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. 'చూద్దాం. నేనెవరో ఈయనకి తెలుస్తుందేమో చూద్దాం' అని పళ్లు బిగబట్టింది.

శనివారం డెలోరిస్ దిగింది. ఎర్రటి లిప్‌స్టిక్, మెడలో నీలిరాళ్ల దండ.

"ఏం మరిదీ, ఇంకా బట్టతల రాలేదే! మా చెల్లెలు బాగానే మేపుతోంది!"

"రా వదినా రా. ముందు నీ కార్డు చూడు, తర్వాత తిందువుగాని!"

మార్లిస్ ఓవెన్ లోంచి చేపా నూడుల్సూ తీస్తూనే ఓరకంట చూసింది. డెలోరిస్ బొమ్మ చేతిలోకి తీసుకుంది. నవ్వు ఆగిపోయింది. వెంటనే మళ్లీ తెచ్చిపెట్టుకుంది. "బాగుంది... చాలా బాగుంది" అంటూ వంటింటి వెనక గదిలోకి చెల్లెల్ని లాక్కెళ్లి తలుపు వేసింది.

"చెప్పావా?"

"లేదు."

"చెప్పకే, నీకు దణ్ణం పెడతాను! నేను ఎన్ని ఆటలాడానో ఎవడికీ గుర్తులేదు. ఎక్కడ కలిసినా ఆ క్యాచ్ గురించే అడుగుతారు. అదొక్కటే నాకున్నది."

"అది కూడా నీది కాదు కదక్కా!"

"నీకేం తక్కువే? ఇల్లుంది, పిల్లలున్నారు, అన్నం టైముకి ఇంట్లో ఉండే మొగుడున్నాడు! నాకు ఇద్దరు మొగుళ్లు పోయారు, మిగిలింది ఆ ఒక్క బంతి. అది కూడా లాక్కుంటావా?"

మార్లిస్ నివ్వెరపోయింది. తను ఎవరిని చూసి ఇన్నాళ్లూ కుళ్లిందో, ఆ మనిషే తనని చూసి కుళ్లుతోంది! జాలి కలిగింది. కానీ మంట చల్లారలేదు. జాలీ అసూయా ఒకే గుండెలో కాపురం ఉండగలవమ్మా, ఆడవాళ్లకి నేను చెప్పాలా!

భోజనాల దగ్గర ఎల్డన్ హుషారు ఆపుకోలేకపోయాడు. "వదినా, ఇందులో నా పనితనం ఒకటుంది. నువ్వు పంపిన ఫొటోలో గ్లవ్ ఎడమ చేతికుంది. ఎడమచేత్తో విసిరేదానికి గ్లవ్ కుడిచేతికి కదా ఉండాలి! అంటే నెగటివ్ తిరగేసి ప్రింటు తీశారన్నమాట. ఆ రోజుల్లో కంపెనీలవాళ్లు కూడా ఈ తప్పు చేసి అలాగే కార్డులు వదిలేసేవాళ్లు. నేను వదల్లేదు! ట్రేసింగ్ కాగితం తిప్పి, మొహంతో సహా కుడి ఎడమలు మార్చి సరిచేశాను!"

డెలోరిస్ ఫోర్కు పళ్లెంలో పడింది.

"ఫొటో తిరగలేదు, ఎల్డన్" అంది మార్లిస్. "అమ్మాయే వేరు."

"వేరంటే? ఇంకెవరు?"

"కుడిచేత్తో విసిరేది. రోజూ ఆ కుడిచేత్తోనే నీకు కాఫీ పోస్తోంది!"

ఎల్డన్ అర్థంకానట్టు వదినవైపు చూశాడు. ఆమె తలవంచుకుంది. మెల్లగా లేచి దీపం దగ్గర ఫొటో తీశాడు. దాన్ని చూశాడు. భార్యని చూశాడు. మళ్లీ దాన్ని చూశాడు... 'క్షమించు అంటాడు, అందరూ అనేదే కదా' అనుకుంది మార్లిస్. అతను అనలేదు. కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వు ఇలా నోరు తెరుచుకుని పరిగెత్తగా నేనెప్పుడూ చూడలేదే, మార్లిస్! నా ఇంట్లో నువ్వెప్పుడూ మెల్లగానే నడిచావు. పిల్లలు లేస్తారనీ, నాకు నిద్ర చెడుతుందనీ... ఇలాంటి పిల్లని తెచ్చుకుని నేను ఒక్కసారి కూడా పరిగెత్తనివ్వలేదా?"

"కవరునిండా అక్క ఫొటోలుంటే, ప్రాణం ఉందన్నావుగా దీన్ని చూసి" అంది ఆమె. ఏడుస్తోంది. "అక్క అనుకునే కదా అన్నావు!"

"అనుకునే అన్నాను. అబద్ధమెందుకు చెప్పను? కానీ ఆ డ్యాన్సులకి వెళ్లిన రోజుల్లో మీ అక్కలో ఇంత ప్రాణం నాకెప్పుడూ కనబడలేదు. పాపం, ఏమీ అనుకోకు వదినా."

"అనుకోక చస్తానా!" అంది డెలోరిస్. ముక్కు చీదుకుని, లిప్‌స్టిక్ అంతా చెదిరిపోగా, ఏడుస్తూ నవ్వింది.

ఆదివారం డెలోరిస్ చేతిలో వేరే కార్డే ఉంది. బ్యాటు భుజాన వేసుకుని నవ్వుతున్న ఫొటోతో ఎల్డన్ హడావిడిగా చేసింది. రంగులు కాస్త మొరటుగా వచ్చాయి. సభలో ఎవరో అడగనే అడిగారు, ఆ క్యాచ్ సంగతి చెప్పమని. డెలోరిస్ లేచింది. కొంతసేపు నీలిరాళ్లు తడుముకుంది. మార్లిస్‌కి వద్దక్కా అనాలనుంది. చెప్పక్కా అనాలనీ ఉంది.

"ఆ క్యాచ్ నేను పట్టలేదు. నేనప్పుడు షికాగోలో ఐస్‌క్రీం తింటున్నాను. పట్టినది అదిగో, ఆఖరి వరసలో ప్లేట్లు సర్దుతోంది!"

సభ ఘొల్లుమంటుందనుకుంటే, ముందు వరసలో చేతికర్రతో కూర్చున్న ఐలీన్, ఆ జట్టులో బంతులు వేసిన పాత పిచర్, కసురుకుంది. "హమ్మయ్య, ఇప్పటికి ఒప్పుకున్నావు! పుట్టు ఎడంచేతి పిల్ల ఒక్కరోజు కుడిచేత్తో విసిరితే మాకు కళ్లులేవనుకున్నావా? పాపం నిన్ను జట్టులోంచి తీసేస్తారని నోరు మూసుకున్నాం. ఏయ్ చిన్నదానా! ఆ ప్లేట్లు అవతల పడేసి ఇలా వచ్చి మా పక్కన కూర్చో!"

మార్లిస్ వెళ్లింది. మెల్లగా కాదు... మోకాళ్లు ఎంత వేగం ఒప్పుకుంటే అంత వేగంగా!

డెలోరిస్ అరిజోనా వెళ్లిపోయింది. వెళ్లేముందు చెల్లెల్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ మర్నాడు ఉదయం ఎల్డన్ కొత్త అట్టముక్క బల్లకి బిగించాడు.

"ఫొటో ఉందిగా, చూసి వేసుకో" అంది మార్లిస్, గిన్నెలు కడుగుతూ.

"ఫొటోని నమ్మి ఒకసారి మోసపోయాను. నువ్వు రా. కిటికీ దగ్గర కూర్చో."

"ముసలిమొహాన్ని చూసి పదిహేడేళ్లపిల్లని వేస్తావా?"

"కూర్చోమన్నాను!"

చేతులు తుడుచుకుని కూర్చుంది. అతను బొమ్మవైపు కాకుండా ఆమెవైపే చూస్తున్నాడు. అంతసేపు ఎవరూ తనని చూడలేదు. సిగ్గేసింది, చిరాకేసింది, ఎక్కడో తియ్యగానూ ఉంది. అతను కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుని కళ్లద్దాలు నుదుటిమీదికి తోశాడు.

"ఎడమ కంటికింద ఈ పుట్టుమచ్చ ఎప్పుడొచ్చింది?"

"పుట్టుమచ్చ అంటూ మళ్లీ ఎప్పుడొచ్చిందంటావేం, ఎల్డన్!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆమె కళ్లు నిండాయి, ఆ మచ్చ మీదుగా నీరు జారింది. ఆమె తుడుచుకోబోతే అతను చెయ్యి పట్టి ఆపాడు. కుంచె పక్కన పెట్టేశాడు. ఆ పొద్దు ఇంక బొమ్మ ముందుకి సాగలేదు... అతను చూస్తూనే ఉన్నాడు.