రెండు సిలిండర్ల అంబులెన్సు

ఆ రోజు పదకొండో ఇంజను గొలుసుకు వేలాడుతూ పైకి లేచింది. మెకానిక్కు పైడితల్లి పక్కకు తప్పుకుని, బండి ముందుభాగంలో ఖాళీ అయిన చోట రెండు సిలిండర్ల కొత్త ఇంజనును దింపింది. దాని పక్కన పిడికిలంత టర్బో. బయటికి పోయే పొగ దాని చక్రాన్ని తిప్పితే, ఆ చక్రం గాలిని నొక్కి సిలిండర్లలోకి కూరుతుంది. తీసేసిన సిలిండరు బలాన్ని ఆ గాలే పూడ్చాలి. పెట్రోలు ఆదా కోసమని పదిహేనేళ్ల కిందట నాలుగు సిలిండర్లు మూడయ్యాయి. ఈ ఏడాది ఆ మూడూ రెండయ్యాయి. వచ్చే ఏటికి ఒక్కటేనని, పెట్రోలు పంచే ఇంధనమండలి ఇప్పటికే చెప్పేసింది.

బండి బొడ్డపుట్టు ఘాటురోడ్డులో తిరిగే అంబులెన్సు. డ్రైవరు సోమన్న గోడవార కూర్చుని, తన పాత ఇంజను వైపే చూస్తున్నాడు.

"అప్పా, పాతదే ఉంచీలేవా?" అక్కను బతిమాలినట్టు అడిగాడు.

"ఉంచితే నీ బండికి పెట్రోలు ఆపేస్తారు, సోమన్నా."

"మొన్న మావోడి బండికి ఇదే పెట్టినారు. సగం ఘాటులో టర్బో కాలిపోయి ఆగిపోనాది. లోపల పురిటి మనిసి. మోసుకెల్లేసరికి..."

ఆ బండికి ఇంజను బిగించింది కూడా పైడితల్లే.

ఇంజన్లను చిన్నవి చేసే ఈ కుదింపు కేంద్రంలో మైలేజీ పరీక్ష చదును నేల లెక్కన, ఖాళీ బండితో జరుగుతుంది. రోలర్ల మీద చక్రాలు తిరిగాయి. లీటరుకు ఇరవై ఆరు కిలోమీటర్లు. తెర మీద పచ్చగీత వెలిగింది. ఇక వేలిముద్ర వేసి ఫలితం పంపడమే. ఆమె వేలు అద్దం దాకా వెళ్లి ఆగింది.

"బండిలో ఎంతమంది ఉంటారు?"

"రోగి, ఇద్దరు మనుసులు, నర్సమ్మ, నేను. ఆక్సిజను బండ ఒకటి."

ఆమె ఆ బరువును యంత్రంలో పెట్టింది. రోలర్లను కొండ ఎక్కుడులా బిగించే, ఎవరూ ముట్టని వాలు మీటను తొమ్మిది డిగ్రీలకు లాగింది. ఇంజను అరిచింది. టర్బో నిప్పుకణికలా ఎర్రబడింది. ఆ వేడికి కరిగిపోకుండా తనను తాను చల్లార్చుకోవడానికి ఇంజను అదనంగా పెట్రోలు మింగసాగింది. లీటరుకు ఏడు కిలోమీటర్లు. పాత ఇంజను అదే కొండకు తొమ్మిది ఇచ్చేది.

రెండు ఫలితాల్లో ఇంధనమండలికి ఏది పంపాలని తెర అడిగింది.

"ఈ కొండ లెక్క పంపితే పెట్రోలు రాదు, నీ బండి ఇక కదలదు," అంది పైడితల్లి. "ఆ చదును లెక్క పంపితే కదులుద్ది. సగం ఘాటు దాకా."

సోమన్న లేచి బండి తలుపు మీద చెయ్యి వేశాడు.

"సగం దాకా నమ్మించి తీసుకెల్లడం కంటే డోలీ కట్టి మోసుకెల్లడమే నయం అప్పా."

ఆమె ఏడు అంకె మీద వేలుంచి నొక్కింది.

అంబులెన్సు నంబరు ఎర్రబడి, తెర మీద నుంచి చెరిగిపోయింది. సోమన్న స్ట్రెచరు దింపి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా కొండదారి పట్టాడు. ఆ తరువాత తెర మీది రాష్ట్రపటంలో మూడొందల కేంద్రాల పచ్చగీతలు ఒక్కొక్కటే బూడిదరంగులోకి మారాయి. ఆమె పంపిన లెక్కతో అన్ని కేంద్రాల పరీక్షలూ అనుమానంలో పడ్డాయి; పునఃపరిశీలన ముగిసేదాకా ఎవరికీ పెట్రోలు లేదు.

ఎక్కడిదో, పేరు తెలియని కేంద్రం నుంచి తెర మీదికి ఒక కబురు వచ్చింది: "వాలు ఎంత పెట్టావు? మేమూ పెడతాం."

ఆమె గ్రీజు చేతిని తుడుచుకోకుండానే టైపు కొట్టింది: "తొమ్మిది. మనుషులతో."