కిటికీకి గాజు పెంకులు

కోవూరు నుంచి కాపురానికొచ్చిన ప్రేమలీలకు ఆ ఇంట్లో నచ్చనిది ఒక్కటే. వంటింటికీ నడిమింటికీ మధ్యనున్న కిటికీ. తలుపుల్లేవు, చట్రం లేదు, పొగచూరిన బొక్క. భర్త రమణయ్య సరుగుడు కట్టెల పడవ మీద మద్రాసు వెళ్లాడు. అతనొచ్చేలోగా ముస్తాబు చెయ్యాలని కిటికీ చుట్టూ సున్నం మెత్తి, సముద్రపొడ్డున ఏరుకొచ్చిన గాజు పెంకులు అద్దింది. ఎరుపు, పచ్చ, నీలం. సున్నం గట్టిపడేసరికి పొయ్యి వెలుగుకు కిటికీ మిలమిలలాడింది.

పొరుగూరు నుంచి తిరిగొచ్చిన అత్త పిచ్చమ్మ దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎక్కడివే ఇవి?"

"ఉత్తరాన రాళ్ల కాడ. కుప్పలుగా పడున్నాయత్తా."

"ఎందుకు పడున్నాయో అడగొద్దా? మొగుడు పోయినోళ్లకు పదోదినం గాజులు పగలగొట్టేది అక్కడే! అవి సముద్రం అలకే చెందాల. ఈ ఊళ్లో పసిబిడ్డ కూడా తాకదు."

ప్రేమలీల నోరు ఊరుకోలేదు. "ఆడోళ్ల చేతులు మోడు చేసింది చాలక, పెంకుల్ని కూడా వెలేసినారా?"

"వాదన తర్వాత. నా బిడ్డ ఇయ్యాళ పులికాట్ దాటాల. మబ్బు చూడు! కాలవ రేవు కాడ కనుక్కొనొస్తా. అంతలోపల పెరికెయ్."

అత్త వెళ్లింది. పట్టపగలే ఇంట్లో చీకటి పడింది. గాలి బిగిసింది. తడిసిన పసుపు వాసన... దాని వెనక నాచు కుళ్లిన వాసన.

గలగల.

ప్రేమలీల తన చేతులు చూసుకుంది. గాజులు కదల్లేదు.

గలగల... కిటికీలోంచే.

దీపం ఎత్తి దగ్గరికి వెళ్లింది. పెంకుల మధ్య ఒక పచ్చ ముక్క. దాని మీద బంగారు చుక్క. చుక్కకు తోక.

ఆ తోక ఆమెకు తెలుసు. పెళ్లికి ముందు చెల్లెలు ఆమె గాజుల మీద రంగు చుక్కలు పెడుతూ చెయ్యి జారి గీసిన తోక. అలాంటిది లోకంలో ఒక్కటే. ఆ గాజు ఇప్పుడు తన ఎడమ చేతికే ఉంది. చెక్కు చెదరకుండా.

"కాదు... కాదు..." గొణుగుతూ కత్తి తెచ్చి ఆ ముక్కను పెకలించబోయింది. రాలేదు. ఇంకా బలంగా పొడిచింది. కత్తి జారింది. చెయ్యి గోడకు తగిలింది.

ఫట్.

చేతికున్న పచ్చ గాజు పగిలి కాళ్ల దగ్గర పడింది. తోక చుక్కున్న ముక్కను ఏరి తలెత్తింది.

గోడలో ముక్క లేదు. దాని గుంట మాత్రం ఉంది. చేతిలోది ఆనించింది. సరిగ్గా కూర్చుంది.

వాకిట్లో అడుగుల చప్పుడు. అత్త.

"అత్తా... పడవ వచ్చిందా?"

పిచ్చమ్మ గుమ్మంలోనే ఆగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రేమలీల దీపం పైకెత్తింది. ఎప్పుడో ఎండిన సున్నం మీద కొత్త గుంటలు. తడిగా, ఖాళీగా, వరసగా.

ఆమె చేతులకు ఇంకా ఎన్ని గాజులున్నాయో, అన్ని.