ఆగినట్టు కనిపించే ఫ్యాను

బావ టైలరు. ఎవరో చవగ్గా వదిలించుకున్న పాత కారుని ముచ్చటపడి కొన్నాడు. ఎత్తు ఎక్కినప్పుడల్లా అది దగ్గుతుంటే, మెకానిక్‌గా ఉన్న బామ్మర్ది షెడ్డుకి తోలుకొచ్చాడు.

"టైమింగ్ తప్పింది బావా. ఇంజన్లో నిప్పురవ్వ ఆలస్యంగా పడుతోంది."

"మీ అక్కతో ఆ ఇబ్బందే లేదురా. ఎప్పుడూ టైముకే మండుతుంది."

"చెప్తానుండు అక్కతో. ముందెళ్ళి సీట్లో కూర్చో."

పొద్దుగూకుతోంది. వెలుతురుంటే టైమింగ్ లైటు ఆనదని మెకానిక్ షట్టరు సగం దించాడు. ఇంజను ముందున్న పుల్లీ మీద సుద్దతో గీత పెట్టాడు. ఒక చేత్తో లైటు పట్టుకున్నాడు, రెండో చెయ్యి రవ్వ టైము సరిచేసే డిస్ట్రిబ్యూటర్ మీద వేశాడు. బావ తాళం తిప్పాడు. ఇంజను అందుకోగానే, రవ్వ పడ్డప్పుడల్లా లైటు టపటపా మెరవడం మొదలుపెట్టింది. ఆ మెరుపుల్లో పుల్లీ, దాని ముందున్న ఫ్యాను కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. నిజానికి గిర్రున తిరుగుతూనే ఉంటాయి.

రోజూ చేసే పనే. అయినా ఇవాళెందుకో అతనికి మనసు కుదురుగా లేదు. పెట్రోలు వాసనలోంచి తడిగుడ్డ ముక్కిన వాసన వస్తోంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"కొంచెం పెంచు బావా... చాలు, వదిలెయ్."

డిస్ట్రిబ్యూటర్‌ని కాస్త తిప్పాడు. సుద్ద గీత ఇంజను మీదున్న గుర్తు దగ్గరికి జరిగింది. దాని పక్కన తెల్లగా ఇంకేదో ఉంది.

వేలి కొన.

లైటు పక్కకి తిప్పాడు. ఏమీ లేదు. మళ్ళీ అటు పట్టాడు. ఫ్యాను రెక్కల మధ్య ఒక అరచెయ్యి... మెరుపు మెరుపుకీ కొంచెం కొంచెంగా విచ్చుకుంటోంది.

"ఏంట్రా, ఉలుకూ పలుకూ లేదు?" అంటూ బావ దిగొచ్చి, ఇంజను మీదికి వంగాడు. అతని నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఫ్యాను ఆగిపోయిందే..." అన్నాడు గుసగుసగా. "ఎవరిదిరా ఆ చెయ్యి? రమ్మంటోంది..."

"తిరుగుతోంది బావా! చెయ్యి పెట్టకు!"

బావకి వినిపించలేదు. కుడిచెయ్యి లేచింది. కత్తెర పట్టే చెయ్యి. అక్క సంసారమంతా ఆ వేళ్ళ మీదే నడుస్తోంది... రవ్వకి కరెంటిచ్చే కాయిల్ వైరుని మెకానిక్ ఒక్క గుంజు గుంజాడు.

ఇంజను ఆగింది. లైటు ఆరి షెడ్డంతా చీకటైంది. ఫ్యాను ఇంకో చుట్టు తిరిగి నిలిచిన చప్పుడు... తర్వాత అదీ లేదు.

"బావా... వేళ్ళు?"

"ఉన్నాయిరా. అన్నీ ఉన్నాయి." అన్నాడు బావ చీకట్లోంచి. "సమయానికి పట్టుకున్నావు. లేకపోతే మీ అక్కకి మొహం చూపించగలిగేవాణ్ణా?"

మెకానిక్ గోడకి ఆనుకున్నాడు. ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంక వదలరా," అన్నాడు బావ. "మణికట్టు నొప్పెడుతోంది."

మెకానిక్ ఒక చేతిలో పీకిన వైరు ఉంది. రెండో చేతిలో లైటు ఉంది.

"ఒరేయ్... వదలమంటే లాగుతావేంట్రా?"