మిల్లు కాడి బుకింగ్

నస్రుల్లాబాద్ రోడ్డు మీద మూతబడ్డ రైస్‌మిల్లు ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడి నుంచి బుకింగ్ వస్తే బాన్సువాడ డ్రైవర్లు జంకుతారు. లోపల ఆడమనిషి మూలుగు వినబడుతుందని, ఆగినవాడు మళ్లీ తిన్నగా ఇల్లు చేరలేదని చెప్పుకుంటారు.

ఆ రాత్రి ఒకటే వాన. కారు నడిపే అఖిలేశ్ ఫోన్ మోగింది. చూస్తే... ఆ మిల్లే!

వేలు కాన్సిల్ దాకా పోయి ఆగింది. పొద్దుట్నుంచి రెండు రైడ్‌లు వదిలేశాడు — మూడోది వదిలితే యాప్ అతని ఐడీ బ్లాక్ చేస్తుంది. మొన్నోసారి అట్లాగే అయితే, మొర పెట్టుకుందామంటే మనిషన్నవాడు దొరకలేదు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని మిషను గొంతే.

గుండె చిక్కబట్టుకుని పోయాడు.

గేటు దగ్గర ఎవ్వరూ లేరు. బుక్ చేసిన నంబరుకు ఫోన్ కొట్టాడు. అవతల మగగొంతు, గుసగుసగా —

"లోపటికి పో అన్నా... లోపటున్నరు..."

లైన్ తెగింది.

అప్పుడే వినబడింది. సన్నగా... మూలుగు!

అఖిలేశ్ రివర్స్ గేరు వేసి అద్దంలో చూశాడు. వెనక లైటు వెలుగులో — జుట్టు విరబోసుకున్న ముసలామె, రెండు చేతులూ చాచి!

"నువ్వన్నా పోకు బిడ్డా..."

దెయ్యం కాదు. పక్క తండా సోనాబాయి. కోడలు హేమ్లికి నొప్పులొస్తే రోడ్డెక్కారు. వాన కొట్టేసరికి మిల్లు వసారాలో చేరారు. బండి కోసం ఆమె రోడ్డు దాకా పోయి చూసి వస్తోంది. కొడుకు హైదరాబాద్ నుంచి బండి బుక్ చేస్తున్నాడు.

"నీకంటె ముందు ముగ్గురు డ్రైవర్లు గేటు దాక వచ్చిండ్రు. పిలుస్తుంటే బండి తిప్పుకొని పోయిండ్రు," అంది వణుకుతూ.

ఇద్దరూ కలిసి హేమ్లిని వెనక సీట్లో పడుకోబెట్టారు. సగం దారిలో మూలుగు ఆగిపోయింది... అఖిలేశ్‌కు వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

దవాఖానలో నర్సు చాలాసేపటికి బయటికొచ్చింది.

"తల్లికి గండం గడిచింది. బిడ్డ దక్కలే... ఒక్క గంట ముందు తేవద్దా?"

సోనాబాయి గోడకు జారగిలబడి కూలిపోయింది.

అంతలో అఖిలేశ్ ఫోన్. అదే నంబరు, అదే గొంతు. ఈసారి గుసగుస కాదు.

"అన్నా, నేను రామును. హేమ్లి మొగుణ్ని. ఇందాక నా బండిల ప్యాసింజర్ ఉండె, గట్టిగ మాట్లాడరాలే. నేను గూడ గీ యాప్‌లనే నడుపుత. అందరు కాన్సిల్ కొట్టినా నువ్వొచ్చినవ్... నీ కాళ్లు మొక్కుత. చెప్పన్నా — ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

అఖిలేశ్ గోడ వారన కూలబడ్డ సోనాబాయి వైపు చూశాడు.

"హలో... అన్నా... ఇనబడుతుందా?"